పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పెడుతున్నారా? పాప మాటను దిద్దకండి

మొన్న ఒక వీడియో మా గ్రూపులో తిరిగింది. అరుగు మీద పాప, చుట్టూ జనం, ఎవరో పెద్దావిడ "ఇందాక చెప్పినట్టే మళ్లీ చెప్పమ్మా, భయపడకు" అంటోంది. పాప మొహం స్పష్టంగా కనిపిస్తోంది. పంపినవాళ్లంతా న్యాయం జరగాలనే పంపారు. పాప ఎవరో బయటపెట్టడమే నేరం, అది అలా ఉంచండి, పాపకు ఇంట్లోవాళ్లే నేర్పించారనడానికి రేపు నిందితుడి తరఫు (డిఫెన్స్) లాయర్‌కి "ఇందాక చెప్పినట్టే" అన్న ఆ ముక్క ఒక్కటి చాలు.

పోలీసులకు చెప్పాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, తెలిసీ దాచితే అదీ నేరమే. ఇవి మీకు తెలిసినవే. నేను చూసినంతలో కేసును ముంచేది వేరే: పాప చెప్పినదాన్ని ఇంట్లోవాళ్లు దిద్దడం.

ఎందుకు దిద్దుతారంటే భయం. చూసినవాళ్లు లేరు, ఒంటి మీద గాయం లేదు, ఉత్త పిల్ల మాటని కోర్టు నమ్ముతుందా అని. నమ్ముతుంది. బాధితురాలి మాట నమ్మేలా ఉంటే దానికి ఇంకో ఆధారం తోడు రానక్కర్లేదని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులోనే తేల్చేసింది, ఫిర్యాదు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో అనుమానించకూడదనీ చెప్పింది. సాక్ష్యానికి కనీస వయసంటూ లేదు. ఏ క్లాసు, నిజమంటే ఏంటి, అబద్ధమంటే ఏంటి అని జడ్జి నాలుగు మాటలు అడిగి, ప్రశ్న అర్థమై సరిగ్గా జవాబు చెప్పగలదో లేదో చూస్తారు, అంతే. కానీ ఆ ఒక్క మాట మీదే శిక్ష పడాలంటే అది మొదటి స్టేట్‌మెంట్ నుంచి కోర్టు దాకా ఒకేలా నిలవాలి, డిఫెన్స్ లాయర్ అడిగే ఎదురు ప్రశ్నలకు (క్రాస్) కదలకూడదు. 2012లో రాయ్ సందీప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. మీరు దిద్దిన మాట సరిగ్గా ఇక్కడే విరుగుతుంది.

పాప "దసరా సెలవుల్లో, అమ్మమ్మ ఊరెళ్లినప్పుడు" అంటుంది. నాన్న క్యాలెండర్ తీసి తేదీ, టైము పెట్టిస్తాడు. ఆ రోజు నిందితుడు వేరే ఊళ్లో ఉన్నాడని తేలితే? పిల్లలకు తేదీలు గుర్తుండవని జడ్జిలకు తెలుసు, చిన్నచిన్న తేడాలు పట్టించుకోరు. కానీ పాపకు అసలు తెలియని తేదీని పాప నోట పెట్టింది మీరు.

ఇంతకంటే ఘోరం, పెంచి చెప్పించడం. చేయి వేశాడంటే శిక్ష తక్కువేమోనని అత్యాచారం అనిపిస్తారు. మెడికల్ రిపోర్టు దానికి కలవదు, అప్పుడు నిజంగా జరిగినదాని మీద కూడా అనుమానం వస్తుంది. లైంగిక ఉద్దేశంతో తాకినా చాలు, అదే నేరం, 3 నుంచి 5 ఏళ్ల జైలు, పాపకు 12 ఏళ్లు నిండకపోతే 5 నుంచి 7. బట్టల మీది నుంచి తాకితే లెక్కలోకి రాదన్న బాంబే హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2021 నవంబర్‌లో కొట్టేసింది కూడా. జరిగింది జరిగినట్టు ఉంటే చాలు, కలపకండి.

నేర్పించారన్న ఆరోపణ రాగానే సాక్ష్యం మొత్తం పోదు, నేర్పిన ముక్కను విడదీయగలిగితే మిగతాది నమ్మొచ్చు. విడదీయలేకపోతే మాత్రం పోతుంది. ఆ రిస్కు పాప నెత్తిన ఎందుకు పెడతారు?

(పాప అంటున్నాను గానీ బాబైనా ఇంతే, పోక్సోకి ఆడా మగా తేడా లేదు.)

ఇక వరసగా రాసేస్తున్నా.

- "ఏమైందమ్మా?" అని అడగండి. "ఫలానా మామయ్య ఇక్కడ పట్టుకున్నాడు కదా?" అని అడగకండి.
- మొదట ఎవరితో చెప్పిందో వాళ్లే, పాప వాడిన మాటల్లోనే, తేదీ వేసి కాగితం మీద రాసిపెట్టండి. ఒళ్లు గురించి పాప వాడే ఇంటి మాటలు మార్చొద్దు, మేజిస్ట్రేట్ కూడా పాప చెప్పినట్టే రాసుకోవాలి.
- పిన్నికీ, పక్కింటివాళ్లకీ, సంఘం పెద్దలకీ మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. చెప్పినప్పుడల్లా ఒక ముక్క మారుతుంది.
- ఫోన్‌లో వీడియో తీయొద్దు.
- ఈమధ్యే జరిగి ఉంటే స్నానం చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఎఫ్‌ఐఆర్ కాకపోయినా పరీక్ష చేయాలి. బట్టలు ఉతక్కండి, కాగితం సంచిలో పెట్టండి.
- పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చి స్టేట్‌మెంట్ తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్సై. రాత్రి స్టేషన్లో ఉంచడానికి వీల్లేదు. అడగండి, మొహమాటపడకండి.
- పాప నమ్మేవాళ్లొకరు పక్కన ఉండొచ్చు. ఉంటే నోరు మూసుకుని ఉండాలి. అందించడం, కళ్లతో సైగలు, ఏవీ వద్దు.
- కోర్టులో లాయర్ ప్రశ్న జడ్జి ద్వారానే రావాలి, నిందితుడు పాప కంట పడకూడదు. ఏర్పాటు లేకపోతే పీపీకి (ప్రభుత్వం తరఫు లాయర్‌కి) ముందే చెప్పండి.
- "అమ్మతో మాట్లాడావా?" అని అడిగితే మాట్లాడాననే చెప్పనివ్వండి. మాట్లాడటం తప్పు కాదు. "లేదని చెప్పు" అని నేర్పారో, అది కూడా నేర్పిన మాటే.
- గుర్తులేదంటే గుర్తులేదు. మీరు పూరించొద్దు.
- రాజీ కబుర్లు తెచ్చేవాళ్లను గడప దగ్గరే ఆపండి. ఇది రాజీ చేసుకునే కేసు కాదు.
- సమన్లు వచ్చాక "ఒక్కసారి రిహార్సల్ చేయిద్దాం" అనే బంధువు ఎవరో ఒకరు తయారవుతారు. పాపను ఆయన దగ్గర కూర్చోబెట్టొద్దు, ఒక్క నిమిషం కూడా.