రియల్‌టైమ్ లైనక్స్ మీద 32 బిట్, 64 బిట్ ప్రోగ్రాములను కలిపి నడిపే పద్ధతి

గడువులోగా స్పందించి తీరాల్సిన, అంటే రియల్‌టైమ్‌లో యంత్రాలను నియంత్రించే వ్యవస్థల్లో ఈ అవసరం తరచుగా ఒకే కారణంతో వస్తుంది. సెన్సర్ కార్డుతో ఇచ్చిన పాత లైబ్రరీ 32 బిట్‌లోనే ఉంటుంది, దాని సోర్స్ కోడ్ దొరకదు, కొత్త కంట్రోల్ ప్రోగ్రామ్ మాత్రం 64 బిట్‌లో రాయాలి. రెండు రకాల లైబ్రరీలు ఒకే ప్రాసెస్‌లో లోడ్ కావు కనుక, పాతదాన్ని ఒక చిన్న 32 బిట్ ప్రాసెస్‌లో ఉంచి, రెండు ప్రాసెస్‌లూ చూడగల షేర్డ్ మెమరీ ద్వారా కొత్తదానితో కలపాలి.

ఎక్స్86 యంత్రమైతే 64 బిట్ కెర్నెల్‌లో 32 బిట్ ప్రోగ్రాములను నడిపే ఐఏ32 ఎమ్యులేషన్ ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. లైనక్స్‌ను రియల్‌టైమ్‌కు పనికొచ్చేలా చేసే ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024లో 6.12తో ప్రధాన కెర్నెల్‌లో చేరింది కాబట్టి, ఆ తర్వాతి వెర్షన్లకు వేరే ప్యాచ్ అక్కర్లేదు. రియల్‌టైమ్ ప్రాసెస్‌లకు వాడే ఫైఫో షెడ్యూలింగ్ ప్రయారిటీల విషయంలో కెర్నెల్ బిట్ల తేడా చూడదు. అయితే మెమరీని డిస్క్‌కు తరలిపోకుండా లాక్ చేసే ఎమ్‌లాకాల్‌ను ఏ ప్రాసెస్‌కు ఆ ప్రాసెస్ విడిగా పిలవాలి. కార్డు డ్రైవర్‌లో 32 బిట్ ఐఆక్టల్ (ioctl, ప్రోగ్రామ్ నుంచి డ్రైవర్‌కు ఆదేశాలు పంపే) పిలుపులను అందుకునే భాగం లేకపోతే ఆ పిలుపులు విఫలమవుతాయి కనుక, మిగతా కోడ్ రాయకముందే దీన్ని పరీక్షించడం మంచిది.

అసలు చిక్కు షేర్డ్ మెమరీలో ఉంది. 32 బిట్ వరుస సంఖ్య, దాని వెంటనే ఒక డబుల్ (8 బైట్ల దశాంశ సంఖ్య) ఉన్న స్ట్రక్చర్‌ను తీసుకుందాం. 32 బిట్ ఎక్స్86 లైనక్స్‌లో డబుల్ 4వ బైట్ దగ్గర మొదలై మొత్తం 12 బైట్లు అవుతుంది. 64 బిట్‌లో అదే 8వ బైట్ దగ్గర మొదలై 16 బైట్లు అవుతుంది. కంపైలర్ హెచ్చరించదు, ప్రోగ్రామ్ ఆగదు, విలువలు మాత్రం అర్థం లేనివి వస్తాయి. (32 బిట్ ఆర్మ్‌లో డబుల్‌కు 8 బైట్ల అలైన్‌మెంటే ఉంటుంది, అంటే అది 8 గుణిజం దగ్గరే మొదలవుతుంది కనుక, అక్కడ పరీక్షించినవారికి ఈ తప్పు కనబడదు.) ఫీల్డుల మధ్య ఖాళీలను తీసేసే ప్యాక్డ్ అట్రిబ్యూట్ వాడే కంటే, మధ్యలో 4 బైట్ల ఖాళీ ఫీల్డును మనమే పెట్టి, సైజు 16 అని, కంపైల్ సమయంలోనే పరీక్షించే స్టాటిక్ అసర్ట్‌తో రెండు వైపులా సరిచూడడం నా దృష్టిలో మేలు. 32, 64 బిట్‌ల మధ్య సైజు మారే లాంగ్, పాయింటర్, టైమ్‌స్పెక్ (సమయాన్ని ఉంచే స్ట్రక్చర్) వంటివి అందులో అసలు ఉండకూడదు. సమయాన్ని 64 బిట్ నానోసెకన్లుగా రాయాలి.

ఒకసారి ఒక్కరే డేటాను ముట్టుకునేలా చూసే తాళం, అంటే పీథ్రెడ్ మ్యూటెక్స్‌ను కూడా పంచుకోలేం. లైనక్స్ సీ లైబ్రరీ అయిన గ్లిబ్‌సీలో దాని సైజు 32 బిట్ ఎక్స్86లో 24 బైట్లు, 64 బిట్‌లో 40 బైట్లు. దాని బదులు సీక్వెన్స్ కౌంటర్ (రాసేటప్పుడు పెరిగే సంఖ్య; చదివేలోగా అది మారితే మళ్లీ చదవాలి) వాడాలనిపించవచ్చు గానీ, రియల్‌టైమ్‌లో అది ప్రమాదకరం: రాసే ప్రాసెస్ సగంలో ఉండగా, అదే సీపీయూ మీద అంతకంటే ఎక్కువ ప్రయారిటీ ఉన్న చదివే ప్రాసెస్ వచ్చి పడితే, అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ రాసేదానికి అవకాశమే ఇవ్వదు. ఒకరే రాసి ఒకరే చదివే, చివరికి చేరాక మళ్లీ మొదటికి వచ్చే రింగ్ బఫర్‌లో ఈ బెడద లేదు. రాసే చోటును, చదివే చోటును చెప్పే దాని రెండు సూచికలనూ 32 బిట్ అటామిక్‌లుగా (మధ్యలో తెగకుండా ఒకేసారి మారే విలువలుగా) ఉంచి, డేటా రాశాక రిలీజ్‌తో సూచికను పెంచి, అవతల అక్వైర్‌తో చదవాలి; అప్పుడే సూచిక కనబడేసరికి డేటా కూడా సిద్ధంగా ఉంటుంది. బఫర్ నిండితే రాసేది ఆగకుండా ఆ కొత్త నమూనాను వదిలేసి, వదిలిన వాటిని లెక్కపెట్టాలి.

చివరగా, సైక్లిక్‌టెస్ట్ అనే సాధనంతో జాప్యం కొలుస్తూనే 32 బిట్ ప్రాసెస్‌ను కావాలని చంపి, కంట్రోల్ ప్రోగ్రామ్ పాత విలువను పట్టుకుని కూర్చోకుండా, నిర్ణీత గడువులో యంత్రాన్ని సురక్షిత స్థితికి తెస్తోందో లేదో చూడాలి.