కోనసీమలో కమాండ్ లైన్: పని ఆగినప్పుడు ముందు ఎక్కడ చూడాలి

అమలాపురం, రాజోలు, భీమవరం వైపు ఇంట్లో కూర్చుని ప్రోగ్రామింగ్ పని చేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పాత ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, ఎక్కడో ముంబైలో ఉన్న సర్వర్. ఈ సరంజామాతో నెట్టుకురావాలంటే లినక్స్ టెర్మినల్‌ని, అంటే కమాండ్లు టైపు చేసి పని చేయించుకునే తెరని మించింది లేదు. రిమోట్ డెస్క్‌టాప్ బొమ్మల్ని మోయలేని నెట్ కూడా అక్షరాల్ని మోస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఏదైనా ఆగితే ఏది ఆగిందో టెర్మినల్ చెప్పదు. తెర ఆగిందా, దారి తెగిందా, అవతల ప్రోగ్రామే పోయిందా? మూడూ పైకి ఒక్కలాగే కనిపిస్తాయి, మందు మాత్రం వేరు. కింద కమాండ్లన్నీ ఫోన్లో ఒకరికొకరం చెప్పుకునే పద్ధతిలోనే రాస్తున్నాను, కామా ఉన్నచోట స్పేస్ కొట్టాలి.

తెర బిగుసుకుపోయింది, ఏ కీ నొక్కినా కదలదు

కంగారుపడి విండో మూసేయకండి. ముందు కంట్రోల్ క్యూ నొక్కి చూడండి. విండోస్ అలవాటు కొద్దీ సేవ్ చేద్దామని కంట్రోల్ ఎస్ నొక్కి ఉంటారు. టెర్మినల్‌కి దాని అర్థం "ఇక పంపకు, ఆగు" అని. టెలిటైప్ యంత్రాల కాలం నాటి సంకేతం అది, ఆస్కీ అనే అక్షరాల పట్టికలో 19వ నంబరు. మళ్లీ పంపమనేది 17, అదే కంట్రోల్ క్యూ. తెర ఆగి ఉన్నప్పుడు మీరు విసుగుతో కొట్టిన కీలు ఎక్కడికీ పోవు, మీకు కనపడకుండా అవతలికి చేరుతూనే ఉంటాయి. ఫైళ్లు తీసేసే కమాండ్ సగం టైపు చేసి ఉన్నప్పుడు ఎంటర్ మీద ఎంటర్ కొట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఈ బెడద మళ్లీ రాకూడదంటే, టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదవబడే బాష్ఆర్‌సీ ఫైల్లో "ఎస్‌టీటీవై, మైనస్ ఐఎక్స్ఆన్" అని ఒక లైను చేర్చండి.

క్యూకి కూడా కదలలేదంటే చాలావరకు దారే తెగి ఉంటుంది. అప్పుడు ఎంటర్ నొక్కి, టిల్డా (~), ఆ వెంటనే చుక్క కొట్టండి. మిమ్మల్ని సర్వర్లోకి లాగిన్ చేసే ప్రోగ్రాం ఎస్‌ఎస్‌హెచ్ తన కనెక్షన్‌ని తానే తెంచుకుని ల్యాప్‌టాప్ ప్రాంప్ట్ మీకు తిరిగి ఇస్తుంది. టిల్డా లైను మొదట్లో ఉంటేనే ఇది పనిచేస్తుంది, అందుకే ముందు ఎంటర్. ఈ ఒక్క కిటుకు తెలియక రోజూ టెర్మినల్ విండోలు చంపుకుంటూ బతికేవాళ్లు ఎంతమందో!

నెట్ బాగానే ఉన్నా, భోజనం చేసి వచ్చేసరికి మాత్రమే ఇలా అవుతోందా? ఊరుకున్న కనెక్షన్లను మధ్యలో ఉన్న రౌటర్ మర్చిపోతోంది. మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వెల్‌ని 60 చేయండి. ఆ నిమిషానికొక పలకరింపుతో లైను బతికే ఉంటుంది.

కరెంటు పోయి వచ్చేసరికి నడుస్తున్న పని మాయం

మన దగ్గర ఎక్కువ నష్టం చేసేది ఇదే. గాలివాన వస్తే కొబ్బరి మట్ట కరెంటు తీగ మీద పడుతుంది. అదే స్తంభాలకి కట్టిన ఫైబర్ కూడా దాంతోపాటే పోతుంది. గోదావరి పొంగితే లంక గ్రామాల్లో గంటల లెక్క కాదు, రోజుల లెక్క. అందరూ ఇన్వర్టర్ కొనమంటారు. అది ఇంట్లో రౌటర్‌ని నిలబెడుతుంది గానీ వీధి చివర తెగిన ఫైబర్‌ని అతకదు కదా.

కారణం కరెంటు కాదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి మొదలుపెట్టిన ప్రోగ్రాం ఆ లాగిన్ షెల్ (మీ కమాండ్లు అందుకునే ప్రోగ్రాం) కిందే నడుస్తుంది. లైను తెగిందని సర్వర్‌కి తెలిసిన మరుక్షణం లైను పోయిందని చెప్పే హ్యాంగప్ సిగ్నల్ వాటికి వెళ్తుంది. దాన్ని పట్టించుకోకుండా ఉండేలా రాసినవి తప్ప మిగతా ప్రోగ్రాములన్నీ అక్కడితో ఆగిపోతాయి.

పరిష్కారం టీమక్స్, లాగిన్ పోయినా పనిని సర్వర్లో నిలిపి ఉంచే ప్రోగ్రాం. సర్వర్లోకి వెళ్లాక "టీమక్స్ న్యూ, మైనస్ ఎస్" అని ఒక పేరు ఇచ్చి, పని దాని లోపల మొదలుపెట్టండి. ఇప్పుడు పని మీ లాగిన్‌ది కాదు, టీమక్స్‌ది. లైను తెగినా అది నడుస్తూనే ఉంటుంది. కరెంటు వచ్చాక లాగిన్ అయి "టీమక్స్ అటాచ్" అంటే తెర వదిలిన చోటే దొరుకుతుంది. మీరే వదిలి వెళ్లాలనుకుంటే కంట్రోల్ బి, ఆ తర్వాత డి.

"టీమక్స్ పెట్టాను, అయినా పోయింది" అనేవాళ్లని ఒకటే అడగాలి: ఎక్కడ పెట్టారు? దాన్ని ల్యాప్‌టాప్‌లో తెరిచి, అందులోంచి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే ఈ సమస్యకి లాభం సున్నా. అది సర్వర్లోనే ఉండాలి. సర్వర్ రీబూట్ అయితే మాత్రం టీమక్స్ కూడా పోతుంది, దానికి ఈ చిట్కా లేదు. మధ్యలో ప్రశ్నలేమీ అడగని ఒంటరి కమాండ్ అయితే టీమక్స్ కూడా అక్కర్లేదు, హ్యాంగప్‌ని పట్టించుకోనివ్వని నోహప్‌ని దాని ముందు పెడితే చాలు.

ఇంటి వైఫై నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారినప్పుడల్లా మళ్లీ లాగిన్ అవడం విసుగనిపిస్తే ఎస్‌ఎస్‌హెచ్ బదులు మాష్ అనే ప్రోగ్రాం వాడండి. ఐపీ అడ్రస్ మారినా సెషన్ నిలుస్తుంది. రెండు వైపులా ఇన్‌స్టాల్ చేయాలి. లాగిన్ అయ్యాక కూడా "సర్వర్ నుంచి ఏమీ రాలేదు" అనే అర్థం వచ్చే సందేశం ఇస్తే ఫైర్‌వాల్ చూడండి: మాష్ 60000 నుంచి 61000 మధ్య నంబర్ల యూడీపీ పోర్టుల్లో (నెట్ ద్వారాల్లో) నడుస్తుంది, చాలా సర్వర్లలో అవి మూసి ఉంటాయి. మాష్‌లో పైకి స్క్రోల్ చేసి పాత వరుసలు చూడలేరు కాబట్టి లోపల టీమక్స్ ఎలాగూ కావాల్సిందే.

విమ్ తెరవగానే స్వాప్ ఫైల్ ఉందని హెచ్చరిక

ఇదీ కరెంటు చలవే. భయపడాల్సింది లేదు, టైపు చేస్తున్నదాన్ని విమ్ ఎడిటర్ పక్కన దాచుకునే ఆ స్వాప్ ఫైలే మీ పనిని కాపాడింది. మామూలు సెట్టింగులో 200 అక్షరాలు కొట్టాక గానీ, 4 సెకన్లు చెయ్యి ఆపాక గానీ విమ్ దాన్ని రాసుకుంటుంది.

ముందు హెచ్చరికని పూర్తిగా చదవండి. ప్రాసెస్ నంబరు పక్కన "స్టిల్ రన్నింగ్" అని ఉంటే ఏమీ పోలేదు. అదే ఫైలు ఇంకో విమ్‌లో, బహుశా మీ టీమక్స్‌లోనే తెరిచి ఉంది. క్యూ కొట్టి బయటికొచ్చి అక్కడికి వెళ్లండి. అలా లేకపోతే ఆర్ కొట్టి రికవర్ చేసి, వేరే పేరుతో సేవ్ చేయండి. విమ్‌డిఫ్‌తో అసలు ఫైలుతో పోల్చుకుని, తృప్తి పడ్డాకే స్వాప్ ఫైల్ తీసేయండి. తీయకపోతే రేపూ ఇదే హెచ్చరిక.

తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు, డబ్బాలు, విడిపోయిన ఒత్తులు

ఇవి మూడు వేరువేరు జబ్బులు. ఏది కనిపిస్తోందో చూసి మందు వేయాలి.

ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో వస్తే సర్వర్‌కి యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనీ బైట్లుగా రాసే పద్ధతి) తెలియదన్నమాట. భాష, లిపి సెట్టింగులు చూపే "లొకేల్" కమాండ్ కొడితే సీ అనో పాజిక్స్ అనో చెబుతుంది. "లొకేల్, మైనస్ ఏ" జాబితాలో సీ డాట్ యూటీఎఫ్-8 ఉంటే దాన్నే ల్యాంగ్ (భాష సెట్టింగు) వేరియబుల్‌కి ఇవ్వండి. డబ్బాలు వస్తే మీ ల్యాప్‌టాప్‌లో తెలుగు ఫాంట్ లేదు, సర్వర్ తప్పేమీ లేదు. గ్రాఫిక్స్ లేని వట్టి లినక్స్ కన్సోల్‌లో అయితే ఆశ వదులుకోండి, దాని ఫాంట్‌లో 512 ఆకారాలకు మించి పట్టవు. అక్షరాలు వచ్చి ఒత్తులు, గుణింతాలు చెదిరితే, మీ టెర్మినల్‌కి వాటిని కలిపి చూపడం రాదు. వేరే టెర్మినల్ వాడి చూడండి.

ఫైలు చెడిపోయిందేమో అని అనుమానముంటే కళ్లని కాదు, లెక్కని నమ్మండి. "ఎకో, మైనస్ ఎన్" పక్కన కోనసీమ అని రాసి పైప్ (నిలువు గీత) పెట్టి, లెక్కపెట్టే "డబ్ల్యూసీ, మైనస్ సీ"కి ఇవ్వండి: 18 రావాలి, తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు కాబట్టి. సీ బదులు ఎమ్ ఇస్తే 6 రావాలి, గుణింతాలని విడిగా లెక్కేస్తుంది కాబట్టి. రెండోసారి కూడా 18 వచ్చిందా? మళ్లీ లొకేల్ దగ్గరికే వెళ్లండి.

నీటిమట్టాలు వరుస తప్పాయి

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఇలాంటి అంకెల ఫైల్లో 9.5 కూడా ఉంటే, వరుసలో పేర్చే సార్ట్ కమాండ్ దాన్ని 17.75 తర్వాత పెడుతుంది. సార్ట్‌కి అవి అంకెలు కావు, అక్షరాలు. మైనస్ ఎన్ చేర్చండి, సరిపోతుంది.

చేత్తో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో నడవదు

చెప్పిన వేళకి కమాండ్లు నడిపే క్రాన్ మీ బాష్ఆర్‌సీ చదవదు, దాని పాత్ (ప్రోగ్రాముల్ని వెతికే ఫోల్డర్ల జాబితా) చాలా చిన్నది. ప్రతి ప్రోగ్రాంకీ పూర్తి దారి రాయండి. నడిచింది గానీ వేళ కాని వేళ నడిచిందంటే సర్వర్ గడియారం యూటీసీలో ఉంది. ఉదయం 9కి పెట్టినది మనకి మధ్యాహ్నం 2:30కి నడుస్తుంది.

డిస్క్‌లో ఖాళీ కనిపిస్తున్నా చోటు లేదంటోంది

డిస్క్ చోటు చెప్పే డీఎఫ్ కమాండ్‌కి మైనస్ ఐ తగిలించి చూడండి. ఐనోడ్లు (ఫైలుకొకటి చొప్పున ఉండే నమోదులు) నూటికి నూరు నిండి ఉంటే, ఎక్కడో లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పేరుకున్నాయి, ఎక్కువగా క్యాష్ ఫోల్డర్లలో. "డీయూ, డబుల్ మైనస్ ఐనోడ్స్" వాటి చిరునామా చెబుతుంది. దీనికి తిరగేసినది ఇంకోటి ఉంది: పెద్ద లాగ్ ఫైలు తీసేశారు, చోటు మాత్రం తిరిగి రాలేదు. ఏదో ప్రోగ్రాం దాన్ని ఇంకా తెరిచి పట్టుకుంది. "ఎల్ఎస్ఓఎఫ్, ప్లస్ పెద్ద అక్షరం ఎల్ 1" అంటే ఎవరో తెలుస్తుంది, ఆ సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే చోటు వచ్చేస్తుంది. రీస్టార్ట్ చేసే వీలు లేని సర్వీస్ అయితే ఇకనుంచి లాగ్‌ని తీసేయకుండా ట్రంకేట్ కమాండ్‌తో సున్నా సైజుకి తెచ్చుకోండి.