పెరడూ బొంతా – నాలుగో పాఠం: చిత్తలో సూది, స్వాతిలో పార

వైశాఖంలో ఇచ్చిన పాఠంలో పాత నూలు చీరలను ఏరి, గంజి పూర్తిగా వదిలేలా ఉతికి, మండుటెండలో ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసి మూట కట్టుకున్నాం. ఆ మూట విప్పే సమయం వచ్చింది. ఈ పాఠంలో పనులు రెండు: శీతకాలపు కూరగాయలకు నారు పెంచడం, బొంతకు పొరలు పరిచి కుట్టు మొదలుపెట్టడం. సంబంధం లేనట్టు కనిపించే ఈ రెంటినీ ఒకే పాఠంలో పెట్టడానికి కారణం మన వాతావరణమే.

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం ప్రాంతాల్లో అక్టోబరు మొదట్లో వానలు తెరిపినిస్తాయి, నేల మంచి పదును మీద ఉంటుంది, వెంటనే నారు నాటెయ్యాలని మనసు తొందరపెడుతుంది. కానీ ఈ తీరపు తుపానుల తేదీలను ఒకసారి వరసగా చూడండి. 1999 అక్టోబరు 17న ఒక తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మళ్ళీ అక్కడే దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటాయి. తిత్లీ తీరం దాటిన తరువాత గజపతి జిల్లా కొండల మీద కురిసిన వానకు లోతట్టున ఉన్న పెరళ్ళు కూడా మునిగాయి. ఇవన్నీ అక్టోబరు 10, 11 తేదీల్లో మొదలయ్యే చిత్త కార్తెలో పడినవే. అందువల్ల నా లెక్కలో చిత్త కార్తె నాటే కాలం కాదు, కుట్టే కాలం. నేలలో నాటడం అక్టోబరు 24 ప్రాంతంలో వచ్చే స్వాతి కార్తెలో పెట్టుకోవాలి. స్వాతిలో తుపాను రాదని దీని అర్థం కాదు; 1999లోనే అక్టోబరు 29న పారాదీప్ తీరాన్ని పెనుతుపాను ముంచెత్తింది. పూర్తి భరోసా ఏ కార్తె ఇవ్వదు కాబట్టి కొంత నారును ఎప్పుడూ మిగుల్చుకోవాలి.

ఈ లెక్క ప్రకారం విత్తే తేదీలను వెనక్కి లెక్కపెట్టుకోవాలి. వంగ, మిరప నారు నాటడానికి సిద్ధం కావాలంటే ముప్ఫై అయిదు నుంచి నలభై రోజులు పడుతుంది కనుక వాటిని సెప్టెంబరు మధ్యలో, ఉత్తర కార్తెలో విత్తాలి. టమాటాకు నాలుగు వారాలు చాలు కనుక దాన్ని హస్త కార్తె ప్రవేశించాక, అంటే సెప్టెంబరు 27 తరువాత విత్తవచ్చు. అన్నీ ఒకే రోజు విత్తేస్తే టమాటా నారు ముదిరి, సన్నగా సాగి, నాటే వేళకు నిలబడలేక పడిపోతుంది.

ఇంటి పెరటికి కావలసింది పదో పన్నెండో టమాటా మొక్కలు, అరడజను వంగ, అంతే మిరప. ఇంత కొద్దిదానికి నేలమీద నారుమడి కట్టనక్కరలేదు. అడ్డంగా కోసిన నూనె డబ్బాలు, లోతు తక్కువ ట్రేలు, ఏవైనా సరే అడుగున రంధ్రాలు పెట్టి వాడుకోవచ్చు. గాలివాన హెచ్చరిక రాగానే వాటిని వసారాలోకి మార్చుకోగలగడమే ఈ పద్ధతిలోని అసలు లాభం. మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి నింపి, అర సెంటీమీటరు లోతు గీతల్లో విత్తనాన్ని పలచగా జారవిడిచి, పైన సన్నని ఎరువు చల్లి, మొలక కనిపించేవరకు ఎండుగడ్డి కప్పాలి. మొలక తల ఎత్తిన రోజే గడ్డి తీసెయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు వెలుతురు కోసం వంకరగా సాగుతాయి.

తడి గాలి తిరిగే ఈ నెలలో నారుకు పెద్ద శత్రువు నారుకుళ్ళు తెగులు. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక తెల్లవారేసరికి నేలమీద వాలి ఉంటుంది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూస్తే ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, మట్టికి ఆనిన చోట కాండం మాత్రం నీరుకారి, దారంలా సన్నబడి, గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. పడిపోయినదాన్ని బతికించే ఉపాయం లేదు. చుట్టూ ఉన్న రెండు మూడు మొలకలతో సహా ఆ మట్టిని చెంచాతో తీసి పారవేసి, మిగిలినవాటికి నీరు తగ్గించాలి. విత్తడానికి ముందే మట్టి మిశ్రమంలో ట్రైకోడెర్మా పొడి (తెగులు శిలీంధ్రాలను అణచే మేలుచేసే శిలీంధ్రం) కలపడం, ఒత్తుగా విత్తకపోవడం, ఉదయం పూట మాత్రమే నీరు పెట్టడం, ఈ మూడూ పాటించినవారికి ఈ బెడద చాలావరకు రాదు. తెగులుకు భయపడి ట్రేను వసారా లోపలి గోడ దగ్గర దాచకండి. వెలుతురు తగిలే అంచునే ఉంచాలి.

పందిరి మీది చిక్కుడు గురించి ఒక్క మాట. నాటు చిక్కుడు పగటి నిడివి తగ్గితే గాని పూయదు. తీగ దట్టంగా అల్లుకుని కూడా పువ్వు రాలేదని ఇప్పుడు ఎరువు గుమ్మరిస్తే ఆకే పెరుగుతుంది, ఆ బరువుకు గాలిలో పందిరే ఒరుగుతుంది. వేలాడే కొసలు కత్తిరించి, గుంజలకు ఊతం ఇచ్చి, వాన నీరు నిలవకుండా పాదు చుట్టూ కాలువ తీసి వదిలెయ్యండి.

ఇక బొంత. ఒకరు కప్పుకునే బొంతకు అయిదు పొరలు చాలు: పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో మూడు. అయిదున్నర మీటర్ల చీరను సగానికి కత్తిరిస్తే రెండేముప్పావు మీటర్ల పొరలు రెండు వస్తాయి కాబట్టి రెండు చీరల నుంచి నాలుగు పొరలు, మూడో చీరలో సగం నుంచి అయిదోది వస్తాయి. చీర వెడల్పు సుమారు 45 అంగుళాలు ఉంటుంది కనుక అడ్డంగా అతుకు వేసే పని లేదు. పొడవును రెండు మీటర్ల పది సెంటీమీటర్లకు తగ్గించుకుని, మిగిలిన ముక్కలను దాచండి. వాటితో తోటలో పని ఉంది. ఇంట్లో పాత పొందూరు ఖద్దరు పంచె ఉంటే దాన్ని ఒంటికి తగిలే కింది పొరగా వాడండి, అంతకన్నా మెత్తనిది దొరకదు.

ఈ పాఠం నుంచే మొదలుపెడుతున్నవారు రెండు పరీక్షలు తప్పక చేయాలి. చీర అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి: నూలు అయితే కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. రెండూ కలిపి కుడితే మొదటి ఉతుకుకే నూలు పొర కుదించుకుపోయి, కుదించుకోని రెండోది ముడతలు తేలుతుంది. రెండో పరీక్ష రంగుది. తడిపిన తెల్ల గుడ్డతో చీరను గట్టిగా రుద్దినప్పుడు రంగు అంటితే, నీరు తేటగా వచ్చేవరకు విడిగా నానబెట్టి ఉతకడమే మార్గం. ఉప్పునీటిలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు, నేను మాత్రం ఆ మాట నమ్మను.

పొరలు పరచడానికి తుడిచి పూర్తిగా ఆరిన నేల కావాలి. కింది పొరను బోర్లా వేసి, నాలుగు మూలలా బియ్యం డబ్బాలో ఇటుకలో బరువు పెట్టి, మధ్య నుంచి అంచులవైపు అరచేత్తో నిమిరి సాపు చేయాలి. ప్రతి పొరకూ ఇదే చేయాలి. చిరుగులున్న భాగాలు మధ్య పొరల్లోకి వెళ్ళేటట్టు, ఒక చిరుగు మీద మరొకటి పడకుండా చూసుకోండి. ఆ తరువాత కచ్చా కుట్లు, అంటే పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసేవి: పొడవాటి సూదితో నాలుగు వేళ్ళంత కుట్లు, సరిగ్గా మధ్య నుంచి మొదలుపెట్టి నాలుగు వైపులకూ, ఆపైన జానెడు ఎడంతో నిలువునా అడ్డంగా. తొందరపడేవారు వదిలేసేది ఈ దశనే. దీన్ని వదిలేస్తే చివరికి బొంత ఒక మూల బుంగలా పొంగి, ఒక మూల లాక్కుపోయి ఉంటుంది. కుట్టు మిషనుతో ఈ పనంతా ఒక పూటలో అవుతుందని అంటారు, నిజమే. అయితే అరిగి మెత్తబడిన అయిదు పొరలు మిషను పాదం కింద సమంగా కదలవు, గట్టి దారం పాత గుడ్డను కోసేస్తుంది.

అసలు కుట్టుకు గోనెసంచులు కుట్టే దబ్బనం వద్దు, అది చేసిన రంధ్రం పూడదు. మధ్యరకం సూది, నాలుగు పోగుల నూలు దారం తీసుకుని, దారాన్ని రెండు మూరలకు మించనీయకుండా తెంపి, కొవ్వొత్తి ముక్క మీద ఒకసారి లాగండి, చిక్కు పడదు. ముడిని పై పొరకూ రెండో పొరకూ మధ్య దాచి, బొంత సరిగ్గా మధ్యలో నిలువు వరుసతో మొదలుపెట్టాలి. ఎడమచేయి బొంత కింద ఉండాలి. కుడిచేత్తో సూదిని దాదాపు నిలువుగా దించినప్పుడు కింద చూపుడువేలికి మొన చురుక్కుమని తగులుతుంది. అయిదు పొరలూ దాటిందనడానికి అదే గుర్తు. తగిలిన మరుక్షణం సూది వెనక భాగాన్ని వంచి, కింది వేలితో మొనను పైకి నెట్టాలి. ఇలా మూడు నాలుగు కుట్లు సూది మీదికి ఎక్కాక ఒక్కసారిగా లాగాలి. కుట్టు బియ్యపు గింజంత ఉంటే చాలు. మొదట్లో పైన చిన్నవి, కింద పెద్దవి పడతాయి, విప్పకండి. రెండో వరుసకే చేయి కుదురుతుంది. దారాన్ని బిగించి లాగకుండా, గుడ్డ మీద కుట్టు ఆనేంతవరకే లాగండి.

వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం, అంటే సుమారు నాలుగు సెంటీమీటర్లు ఉంచితే మొత్తం సుమారు ఇరవై అయిదు వరుసలు వస్తాయి. మధ్య వరుసకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున రోజుకు రెండు వేసినవారికి చిత్త కార్తె పద్నాలుగు రోజులూ సరిపోతాయి. చలిమంచు పడేవేళకు కప్పుకోవాలంటే ఈ వేగం చాలు. మోహన, రాయగడ కొండ ఊళ్ళలో చలి ముందే దిగుతుంది కనుక అక్కడివారు మూడో వరుస కూడా వేసుకోవడం మంచిది.

స్వాతి రాగానే పగలు పార పట్టి, కుట్టును సాయంత్రాలకు మార్చుకోండి. నాటడానికి వారం ముందు నుంచే నారును రోజూ కొంతసేపు ఎక్కువగా ఎండకు అలవాటు చేసి, నీరు కొద్దిగా తగ్గించండి. జానెడు ఎత్తు మళ్ళు చేసి, ఎండ తగ్గాక, టమాటాను కింది రెండాకుల వరకు మట్టిలో పాతి నాటండి. పాతిన కాండం నుంచి కూడా వేళ్ళు వస్తాయి. వంగ, మిరపలను ట్రేలో ఉన్న లోతుకే నాటాలి. ఊతకర్ర నాటిన రోజే పాతి, దాచిన చీర ముక్కలను రెండు వేళ్ళ వెడల్పున చింపి, ఎనిమిది అంకె వచ్చేలా వదులుగా కట్టండి. కొబ్బరితాడు లేత కాండాన్ని కోస్తుంది, నూలు పేలిక కొయ్యదు. పరీక్షలో తప్పిపోయిన పాలిస్టర్ చీరలను మడి చుట్టూ కడితే మేకలకు అడ్డుగా పనికొస్తాయి. నాలుగైదు మొక్కల నారును ట్రేలోనే ఉంచి, నవంబరు మధ్య వరకు పారవేయకండి.

ఒక జాగ్రత్త మరవవద్దు: ఏ వరుసనూ బొంత అంచు వరకు తీసుకుపోకుండా నాలుగు వైపులా మూడు వేళ్ళ మేర కుట్టకుండా వదిలిపెట్టాలి. మార్గశిరంలో ఇచ్చే పాఠంలో ఆ అంచులను లోపలికి మడిచి మూస్తాం, కచ్చా కుట్లు అప్పుడే తీస్తాం.