పాత సెడాన్ ఉన్నోళ్లు ముందు బ్రేక్ ఆయిల్ చూసుకోండి

మాది బరంపురం, నా దగ్గర పాత హోండా సిటీ వీటెక్ ఉంది. పెద్ద బ్రేక్ డిస్కులు వేయిద్దామా అని ఊగుతున్న టైంలో తప్తపాణి ఘాట్ దిగుతుంటే పెడల్ స్పాంజిలా మెత్తగా లోపలికి పోయింది, గుండె జారిందనుకోండి. తీరా చూస్తే ఆయిల్ కషాయం రంగులో ఉంది, ఎప్పుడు మార్చానో నాకే గుర్తులేదు.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని లాగేసుకుంటుంది, మన సముద్రం పక్క ఊళ్లలో అయితే చెప్పక్కర్లేదు. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీళ్లు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది, ఘాట్‌లో బ్రేకులు వేడెక్కితే అది మరిగి ఆవిరవుతుంది, ఆ ఆవిరి బుడగల్నే మనం తొక్కేది.

రెండేళ్లకోసారి మార్చేయండి. సీల్ తియ్యని చిన్న ఆయిల్ డబ్బా, రింగు స్పానర్, చేపల తొట్టి పైపు, ఇంట్లో ఒక మనిషి చాలు. నేను "తొక్కు" అంటే మా తమ్ముడు తొక్కి పట్టుకుంటాడు, చక్రం దగ్గర పాత ఆయిల్ బయటికొచ్చే నిపుల్‌కి పైపు తగిలించి తిప్పుతాను, బిగించాకే "వదులు" అంటాను. ఓసారి వాడు ఫోన్ చూస్తూ ముందే వదిలేశాడు, గాలి లాగేసి మళ్లీ మొదటికొచ్చాం. బానెట్ కింద బ్రేక్ ఆయిల్ పోసే డబ్బాలో ఆయిల్ మాత్రం అడుగంటనివ్వొద్దు. ఏ చక్రంతో మొదలెట్టాలో కారు మాన్యువల్లో చూడండి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు కొట్టండి, లేకపోతే రంగు లేచిపోద్ది. డాట్ 5 సిలికాన్‌ది, దాని జోలికెళ్లకండి.

డిస్కుల డబ్బులు ఇంకా జేబులోనే ఉన్నాయి.