టీషర్ట్ పాడైందా? కారణం గుడ్డలోనో లేబుల్ మీదో ఉంటుంది

పక్క కుట్టు పొట్ట మీదికి వచ్చేసింది

నాలుగు ఉతుకులకే ఇలా అయితే తప్పు మీ ఉతుకుడిది కాదు. టీషర్ట్ గుడ్డ ఎక్కువగా సింగిల్ జెర్సీ, అంటే ఒకే వరస ఉచ్చులతో అల్లినది. నూలు వడికినప్పుడు పడిన మెలిక అందులోనే దాగి ఉంటుంది. నీళ్లు తగలగానే విప్పుకోవాలని చూస్తుంది, ఆ ఊపులో గుడ్డంతా ఒక పక్కకు ఒరుగుతుంది. ఇస్త్రీ పెడితే సర్దుకున్నట్టే ఉంటుంది, మళ్లీ ఉతికితే మొదటికే. అందుకే కొనేముందు గుడ్డను కంటికి దగ్గరగా పెట్టి చూడండి. సన్నటి నిలువు గీతలు కనిపిస్తాయి. అవి పక్క కుట్టుకు సమాంతరంగా దిగాలి. అప్పటికే ఏటవాలుగా ఉంటే వదిలేయండి.

చంకల దగ్గర ఉండలు కడుతోంది

పొట్టి పీచులు రాపిడికి పైకి లేచి చుట్టుకుంటాయి. 'కోంబ్డ్' అంటే ఆ పొట్టి పీచుల్ని దువ్వి తీసేసిన నూలు. 'బయోవాష్' అంటే పైనున్న నూగును ఎంజైమ్‌తో తినిపించడం. పాలిస్టర్ కలిసిన గుడ్డలో గొడవ ఎక్కువ: పత్తి ఉండలు తెగి రాలిపోతాయి, పాలిస్టర్ పోగు గట్టిది కాబట్టి పట్టుకు వేలాడుతుంది. తిరగేసి ఉతకండి. వచ్చినవాటిని గోకకుండా కత్తిరించండి.

పొట్టిదైపోయింది

అల్లేటప్పుడు సాగదీసిన గుడ్డ నీళ్లలో తన అసలు కొలతకు వెళ్లిపోతుంది. 70 సెంటీమీటర్ల పొడవులో 5 శాతం తగ్గినా మూడున్నర సెంటీమీటర్లు పోయినట్టే. 'ప్రీ-ష్రంక్' అని ఉంటే ఆ తగ్గుదల చాలావరకు ముందే అయిపోయిందని అర్థం, అసలు తగ్గదని కాదు. చల్లనీళ్లు వాడండి, డ్రయ్యర్ వేడి వద్దు.

లోపలిది కనిపిస్తోంది

జీఎస్ఎం చూడండి, చదరపు మీటరు గుడ్డ బరువు ఎన్ని గ్రాములో అది. 140 పల్చన, 180 మధ్యరకం, 220 దళసరి. నూలు కౌంటు, అంటే పోగు ఎంత సన్నమో చెప్పే అంకె, మాత్రం తిరకాసు: 20 కంటే 30 సన్నం. దళసరి అయితే మంచిదనే లెక్క కూడా నమ్మకండి, ఎండలో 220 వేసుకుంటే తెలుస్తుంది.

మెడ వదులై అలలు తేలింది

మెడపట్టీ రిబ్ అల్లికే (నిలువు గాళ్లతో సాగే అల్లిక) అయినా, అందులో ఎలాస్టేన్ అనే సాగే పోగు లేకపోతే సాగాక అంత బాగా తిరిగి రాదు. తిరగేసి లోపలివైపు చూడండి: ఒక భుజం నుంచి మెడ మీదుగా రెండో భుజం దాకా టేపు కుట్టి ఉంటే భుజం కుట్లు సాగవు. ఇక తడి టీషర్ట్‌ను హ్యాంగర్‌కు వేలాడదీయకండి, నీటి బరువంతా మెడ మీదే పడుతుంది.