పికప్ బండిలో బెల్టు కీచుమంటే కారణం కనిపెట్టే విధానం

పలాస నుంచి జీడిపప్పునో, విజయనగరం మార్కెట్టుకు కూరగాయలనో మోసే పికప్ బండి తెల్లవారుజామున స్టార్టు చేయగానే కీచుమంటే, వెంటనే కొత్త ఇంజన్ బెల్టు (ఏసీ, పవర్ స్టీరింగు వంటివాటిని తిప్పేది) కొనడం తొందరపాటే అవుతుంది. ఆ శబ్దం బెల్టుది కావచ్చు, అది చుట్టుకున్న పుల్లీ (చక్రం) బేరింగుది కూడా కావచ్చు.

శబ్దం ఎప్పుడు వస్తున్నదో ముందుగా గమనించాలి. ఏసీ వేసినప్పుడో, పవర్ స్టీరింగును చివరిదాకా తిప్పినప్పుడో అది పెరిగితే, భారం పడగానే బెల్టు జారుతున్నదని అర్థం.

తర్వాత ఇంజన్ నడుస్తుండగా, చేతులను, తువ్వాలును, వదులు బట్టలను దగ్గరికి పోనీయకుండా, బెల్టు లోపలి గాళ్ల మీద కొద్దిగా నీళ్లు స్ప్రే చేయాలి. శబ్దం కాసేపు ఆగి, తడి ఆరగానే మళ్లీ మొదలైతే పుల్లీలు ఒకే వరుసలో లేవని అనుమానించాలి. నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బిగువు చాలడం లేదన్నమాట. ఇంతకంటే చవకైన, నమ్మదగిన పరీక్ష మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇంజన్ ఆపి, చల్లారాక, బెల్టు తీసి ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పి చూడండి. గరగరలాడినా, అటూ ఇటూ ఊగినా ఆ బేరింగు పాడైనట్టే. బెల్టు మీద ఆయిల్ లేదా కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మరక ఉంటే, ఆ లీకును ఆపకుండా వేసిన కొత్త బెల్టు కూడా అరుస్తుంది. ఇప్పటి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బెల్టులు పగుళ్లు కనిపించకుండానే అరిగిపోగలవు కనుక, గాళ్ల లోతును కొత్తదానితో పోల్చి చూడాలి. సబ్బు, గ్రీజు వంటివి మాత్రం బెల్టుకు ఎన్నడూ రాయకండి.