పబ్లిక్ లైబ్రరీలో పార్ట్‌టైమ్ అసిస్టెంట్ ఉద్యోగం: దరఖాస్తు విధానం

"నాకు చిన్నప్పటి నుంచి పుస్తకాలంటే ప్రాణం." లైబ్రరీ అసిస్టెంట్ పోస్టుకు వచ్చే దరఖాస్తుల్లో ఈ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నేను కొన్నేళ్లు కౌంటర్‌లో పనిచేశాను, ఆ తర్వాత కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు దరఖాస్తులు వడబోసే పని కూడా చేశాను. ఆ వాక్యం అబద్ధమని అనను. కానీ దానివల్ల అవతలివాళ్లకు తెలిసేదేమీ లేదు. వాళ్లు చూసేవి రెండే: ఏ రోజు, ఏ వేళకు మీరు రాగలరు? వరసగా నిలబడ్డ పదిమందికి విసుక్కోకుండా పని చేసిపెట్టగలరా? దరఖాస్తు మొదటి గడి నుంచి చివరి సంతకం దాకా ఈ రెండు ప్రశ్నలకు జవాబు కనిపించాలి.

ముందు పోస్టు ఏమిటో తెలుసుకోండి

లైబ్రేరియన్ వేరు, లైబ్రరీ అసిస్టెంట్ వేరు. లైబ్రేరియన్ పోస్టుకు సాధారణంగా లైబ్రరీ సైన్స్‌లో డిగ్రీ అడుగుతారు. అసిస్టెంట్‌కు చాలా చోట్ల పాఠశాల చదువు పూర్తయి, కంప్యూటర్ వాడటం వస్తే సరిపోతుంది. పుస్తకాలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, వచ్చినవాటిని అరల్లో సర్దడం, కొత్త సభ్యత్వాలు రాసుకోవడం, రిజర్వ్ చేసిన పుస్తకాలు తీసి పక్కన పెట్టడం, చినిగిన పేజీలు అతికించడం, ప్రింటర్ దగ్గర తికమకపడే పెద్దాయనకు సాయం చేయడం... ఇవన్నీ అసిస్టెంట్ చేసే పనులే. కొన్ని లైబ్రరీల్లో అరల్లో సర్దడానికి మాత్రమే విడిగా ఒక పోస్టు ఉంటుంది. దానికి అర్హతలు ఇంకా తక్కువ, జీతమూ తక్కువే. వలంటీర్‌గా పిలిచే ప్రకటనలు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి, జీతం ఉందో లేదో మొదటే చూసుకోండి.

ఇది ఒళ్లు అలిసే పని కూడా. పుస్తకాల ట్రాలీ తోయాలి, కింది అర కోసం వంగాలి, పై అర కోసం స్టూలెక్కాలి. నోటిఫికేషన్‌లో ఇంత బరువు ఎత్తగలగాలి అని రాసి ఉంటే అది ఊరికే రాసింది కాదు. ఆరోగ్య సమస్య ఏదైనా ఉంటే దాచొద్దు. ఏ సదుపాయం కావాలో దరఖాస్తులోనే అడగండి. అలా అడిగేందుకు చాలా ఫారాల్లో విడిగా ఒక గడి ఉంటుంది.

నోటిఫికేషన్ ఎక్కడ దొరుకుతుంది, అందులో ఏం చూడాలి

పబ్లిక్ లైబ్రరీలను ఎక్కువగా నడిపేది స్థానిక ప్రభుత్వమో, ప్రభుత్వం ఏర్పాటు చేసిన లైబ్రరీ మండలో. అందుకే ఖాళీల వివరాలు లైబ్రరీ వెబ్‌సైట్‌లో లేకపోయినా, దాన్ని నడిపే సంస్థ ఉద్యోగాల పేజీలో ఉండొచ్చు. లైబ్రరీ నోటీసు బోర్డు కూడా చూస్తూ ఉండండి. కౌంటర్‌లో నేరుగా అడగడానికి మొహమాటపడకండి. ఖాళీలు ఎప్పుడు పడతాయో అక్కడివాళ్లకే ముందు తెలుస్తుంది.

నోటిఫికేషన్ రెండుసార్లు చదవండి. మొదటిసారి అర్హతల కోసం, రెండోసారి పని వేళల కోసం. వారానికి ఎన్ని గంటలు, సాయంత్రాలు ఉన్నాయా, శని ఆదివారాలు రావాలా, ఒకే బ్రాంచా లేక ఎక్కడ అవసరమైతే అక్కడికి పంపుతారా, పోస్టు పర్మనెంటా, కాంట్రాక్టా, లేక ఎవరైనా సెలవు పెట్టినప్పుడు పిలిచే రకమా అన్నవి చూడండి. పిలిచినప్పుడు మాత్రమే వెళ్లే పోస్టుకు గంటల హామీ ఉండదు. ఆ సంపాదన మీద ఇంటి అద్దె లెక్క వేసుకోకండి. ఇక ఆఖరి తేదీతో పాటు గంట కూడా చూడండి. రాత్రి పన్నెండు దాకా ఉంటుందిలే అనుకుంటాం, కొన్ని చోట్ల ఆఫీసు మూసే వేళకే పోర్టల్ కూడా మూసేస్తారు.

కాగితాలు

గుర్తింపు కార్డు, వయసు రుజువు, చదువు సర్టిఫికెట్లు, పాత ఉద్యోగాల అనుభవ పత్రాలు, మీరున్న దేశంలో పనిచేసే హక్కు ఉందని చూపే కాగితం, ఫోటో. సాధారణంగా అడిగేవి ఇవే. వీటన్నిటిలో పేరు ఒకేలా ఉందో లేదో సరిచూసుకోండి. ఒక దాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకో దాంట్లో పొడి అక్షరంగా ఉంటే తర్వాత వెరిఫికేషన్‌లో చిక్కు వస్తుంది. నా దరఖాస్తు ఒకటి ఇలాగే మూడు వారాలు ఆగిపోయింది. పెళ్లి తర్వాత మారిన పేరుకు ఆధారం జతచేయలేదని చివర్లో తెలిసింది. అప్పుడు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పేరు మారి ఉంటే ఆ ఆధారాన్ని మొదటే జతచేయండి.

స్కాన్ ఫైళ్ల సైజు, రకం నోటిఫికేషన్‌లో చెప్పినట్టే ఉండాలి. అప్‌లోడ్ చేశాక ప్రతి ఫైలూ ఒకసారి తెరిచి చూడండి.

ఫారం నింపేటప్పుడు

పార్ట్‌టైమ్ పోస్టుకు అసలు కీలకం "మీరు అందుబాటులో ఉండే వేళలు" అన్న గడి. చాలామంది "ఎప్పుడైనా" అని రాస్తారు. అది చదివినవాళ్లకు నమ్మకం కుదరదు. కాలేజీ ఉందా, ఇంకో ఉద్యోగం ఉందా, ఇంట్లో చూసుకోవాల్సినవాళ్లు ఉన్నారా, అవన్నీ లెక్కేసుకుని నిజం రాయండి: "సోమ, బుధవారాల్లో సాయంత్రం 4 నుంచి 8 దాకా, శనివారం రోజంతా. పరీక్షలున్న నెలలో శనివారం మాత్రమే." ఇలా రాస్తే మిమ్మల్ని ఏ షిఫ్టులో పెట్టాలో వాళ్ల కళ్లముందు కనిపిస్తుంది. పోస్టు వస్తే చాలని రాలేని వేళలు ఒప్పుకుంటే, రెండో నెలకే ఇబ్బంది మొదలవుతుంది. మీరు రాని రోజు మీ పని పక్కవాళ్ల మీద పడుతుంది.

అనుభవం గడిలో లైబ్రరీ అనుభవం లేదని ఖాళీ వదిలేయకండి. మందుల షాపులో కౌంటర్ మీద ఉన్నారా? "రెండేళ్లు బిల్లింగ్ చూశాను. ఎక్స్‌పైరీ తేదీల వారీగా సరుకు సర్దడం, సాయంత్రం క్యాష్ లెక్క అప్పజెప్పడం నా పని" అని రాయండి. లైబ్రరీకి కావలసింది సరిగ్గా అదే: వరస తప్పకుండా సర్దడం, జనంతో మాట్లాడటం, డబ్బు లెక్క. పిల్లలకు ట్యూషన్ చెప్పినా, ఆఫీసులో ఫైళ్లు చూసినా పనికొస్తుంది. ఏయే భాషలు మాట్లాడగలరో, చదవగలరో విడివిడిగా రాయండి. ఒక భాష మాట్లాడటం వచ్చి చదవడం రాకపోయినా అది కౌంటర్‌లో ఉపయోగమే. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడి ఉంటే పేరుతో సహా రాయండి. కోహా అనేది 2000లో న్యూజిలాండ్‌లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. ఎన్నో దేశాల లైబ్రరీలు దాన్ని వాడుతున్నాయి. దాని మీద కాస్త చెయ్యి తిరిగినా చెప్పుకోవచ్చు.

సబ్మిట్ చేశాక వచ్చే దరఖాస్తు నంబరును, రసీదును భద్రం చేసుకోండి. పిలుపు ఎక్కువగా ఈమెయిల్‌లోనే వస్తుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తూ ఉండండి. ఫీజు ఉంటే అధికారిక పోర్టల్‌లోనే కట్టండి. ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరైనా విడిగా డబ్బు అడిగితే అది మోసమే.

అరల్లో సర్దే పరీక్ష

చాలా చోట్ల ఇంటర్వ్యూకు ముందో, అదే రోజో ఒక చిన్న పరీక్ష పెడతారు. కొన్ని పుస్తకాలో, కార్డులో ఇచ్చి వరసలో పెట్టమంటారు. తెలివైనవాళ్లు కూడా తప్పేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ప్రపంచంలో ఎన్నో పబ్లిక్ లైబ్రరీలు డ్యూయీ దశాంశ వర్గీకరణ వాడతాయి. మెల్విల్ డ్యూయీ దీన్ని 1876లో మొదట ప్రచురించాడు. జ్ఞానమంతటినీ 000 నుంచి 900 దాకా పది పెద్ద తరగతులుగా విడదీసి, ఆ తర్వాత చుక్క పెట్టి ఇంకా సన్నగా విడగొడతారు. తెలుగు సాహిత్యం నంబరు 894.827. ఇప్పుడు ఈ నాలుగు పుస్తకాలు మీ చేతికిచ్చారనుకోండి: 636.8, 636.755, 636.7, 636.0887. మొదటిసారి చూసినవాళ్లు 7, 8, 755, 887 అని లెక్కపెట్టి ఆ వరసలోనే పెట్టేస్తారు. అది తప్పు. చుక్క తర్వాత ఉన్నదాన్ని మొత్తంగా ఒకే సంఖ్యగా చదవకూడదు, ఒక్కో స్థానంలోని అంకెనూ విడిగా పోల్చాలి. సున్నాతో మొదలయ్యేది అన్నిటికంటే ముందు. కాబట్టి 636.0887 మొదట, తర్వాత 636.7, ఆ వెనక 636.755, చివర 636.8. అర్థం చూస్తే ఇంకా బాగా గుర్తుంటుంది: పెంపుడు జంతువులు, కుక్కలు, టెరియర్ జాతి కుక్కలు, పిల్లులు. టెరియర్ పుస్తకం కుక్కల వెనకే ఉండాలి కదా, పిల్లుల అవతల కాదు.

నంబరు ఒకటే అయితే కింద ఉన్న రచయిత పేరు అక్షరాల వరస చూడాలి. ఇంట్లో పది చీటీలు రాసుకుని కలిపేసి, రోజూ ఒకసారి సర్దండి. వారానికి చెయ్యి అలవాటు పడుతుంది. దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. తప్పు అరలో పెట్టిన పుస్తకం కంప్యూటర్‌లో "ఉంది" అనే చూపిస్తుంది, మనిషికి మాత్రం దొరకదు. దానికోసం దూరం నుంచి వచ్చిన పాఠకుడు ఉత్తచేతులతో వెనక్కి వెళ్తాడు.

ఇంటర్వ్యూ

వెళ్లే ముందు ఆ లైబ్రరీలో ఒక గంట మామూలు పాఠకుడిలా కూర్చుని రండి. కౌంటర్ ఎక్కడుంది, పిల్లల విభాగం ఎలా ఉంది, జనం ఏ వేళకు ఎక్కువ, అన్నీ గమనించండి.

అడిగే ప్రశ్నలు ఎక్కువగా పరిస్థితుల మీదే ఉంటాయి. జరిమానా కట్టనని ఒకాయన గొంతు పెంచాడు, ఏం చేస్తారు? మూసే వేళైంది, ఒక చిన్న పిల్లాడు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు, ఏం చేస్తారు? "నా భార్య ఏ పుస్తకాలు తీసుకుందో చెప్పండి" అని ఒకరు అడిగారు, చెబుతారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు ఒక్కటే: చెప్పకూడదు. ఎవరు ఏం చదువుతున్నారన్నది వాళ్ల సొంత విషయం, దాన్ని కాపాడటం లైబ్రరీ బాధ్యత. మిగతావాటికి "రూల్ ఏమిటో చూస్తాను, మర్యాదగా వివరిస్తాను, నా చేతిలో లేకపోతే ఇన్‌చార్జిని పిలుస్తాను" అన్న దారిలో, మీ అనుభవంలోంచి ఒక సంఘటన జతచేసి చెప్పండి. పిల్లాడి విషయంలో మాత్రం అతన్ని వదిలి ఇంటికి వెళ్లిపోను అన్నది మొట్టమొదట చెప్పాలి.

"పబ్లిక్ లైబ్రరీ దేనికి?" అని కూడా అడగొచ్చు. యునెస్కో 1949లో పబ్లిక్ లైబ్రరీల మీద ఒక ప్రకటన విడుదల చేసింది. దాన్ని 2022లో మళ్లీ సవరించారు. వయసు, మతం, భాష, హోదా ఏదైనా అందరికీ సమానంగా సేవ అందాలన్నది అందులోని ప్రధానమైన మాట. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ లైబ్రరీల కోసం 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది. ఇవి బట్టీపట్టి అప్పజెప్పడానికి కాదు. కౌంటర్ ముందు ఇల్లులేని మనిషి నిలబడినా, ప్రొఫెసర్ నిలబడినా మీ గొంతు ఒకేలా ఉంటుందని వాళ్లకు అనిపించాలి.

ఎంపికయ్యాక, కాకపోయాక

పిల్లలు వచ్చే చోటు కాబట్టి నేర చరిత్ర పరిశీలన చాలా చోట్ల తప్పనిసరి. దానికి కొన్ని వారాలు పట్టొచ్చు, ఆలోగా ఉన్న ఉద్యోగం మానేయకండి. రిఫరెన్స్‌గా ఇచ్చినవాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. చేరాక కొన్నాళ్లు ప్రొబేషన్ ఉంటుంది.

రాకపోతే వెయిటింగ్ లిస్టులో మీ పేరు ఉందేమో అడగండి. ఆ జాబితా ఎంతకాలం చెల్లుతుందో కూడా కనుక్కోండి. పార్ట్‌టైమ్ వాళ్లు చదువుల కోసం, ఫుల్‌టైమ్ ఉద్యోగాల కోసం మధ్యలో వెళ్లిపోతుంటారు కాబట్టి ఆ జాబితా కదులుతూనే ఉంటుంది. ఈలోగా ఫోన్ నంబరు మారితే దరఖాస్తు నంబరు రాసి ఆఫీసుకు వెంటనే తెలియజేయండి. మా దగ్గర ఒకమ్మాయికి వరస వచ్చినా పాత నంబరుకు మూడుసార్లు ఫోన్ చేసి, చివరికి ఆమె తర్వాతి పేరుకు వెళ్లాల్సి వచ్చింది.